మోగే రేకు

పెళ్ళితో పాటు వచ్చిన కొత్త సామానంతట్లోకీ నాకు ఎక్కువ నచ్చింది ఒక మాట. ‘మా ఆయన’. అవసరం లేని చోట కూడా వాడేదాన్ని. “మా ఆయనకి వంకాయ పడదండీ,” అని కూరల కొట్టులో అంటే, కొట్టతను పాపం నిజమనుకుని వంకాయల బుట్ట పక్కకి జరిపేసేవాడు. మా ఆయనకి వంకాయ ఇష్టమే. నాకు ఆ వాక్యం ఇష్టం.

మేమిద్దరం కాలేజీలో ఒకే తరగతి. అందుకని ఇంట్లో ‘నువ్వు’, ‘వచ్చావా’, ‘తిన్నావా’. నలుగురిలో మాత్రం ‘ఆయన వచ్చారు’, ‘ఆయన తిన్నారు’. “మనింటికి ఎవరైనా వస్తే చాలు, నాకు ప్రమోషన్ వచ్చేస్తుంది,” అనేవారు మా ఆయన. చదివేవాళ్ళూ నలుగురి కిందే లెక్క కాబట్టి ఇక్కడ కూడా ప్రమోషన్ ఇచ్చే రాస్తున్నాను.

మేం అద్దెకి దిగింది మేడ మీది వాటాలో. ఒక గది, ఒక వంటిల్లు, తలుపు సరిగ్గా పడని స్నానాలగది. పైకి వెళ్ళడానికి ఇంటి పక్కగోడని ఆనుకుని ఇనప మెట్లు. మెట్లు అయిపోయాక, మా తలుపు ముందు, గాల్లోకి పొడుచుకొచ్చినట్టు చిన్న ఇనప తిన్నె. ల్యాండింగ్ అంటారు దాన్ని. నేను మా వరండా అనేదాన్ని. ఇద్దరం ఇరుక్కుని కూర్చుంటే సరిపోయేంత వరండా. కుర్చీ వేస్తే మనిషికి చోటుండదు, మనిషి నిలబడితే కుర్చీకి ఉండదు. అయినా రెయిలింగు పక్కన ఒక మల్లె కుండీ పెట్టి, నాటిన మర్నాటి నుంచే మొగ్గలకోసం వెతికేదాన్ని.

ఆ తిన్నె మీద పరిచిన గళ్ళ రేకు బయటి మూల కొంచెం లేచి ఉండేది. కాలు పడితే ‘టక్’మనేది. సామాను దించుకున్న రోజే అది విని, “మనకి కాలింగ్ బెల్ కూడా ఉంది,” అన్నాను.

“పాలవాడొచ్చినా అదే మోగుతుంది. నేనని నీకెలా తెలుస్తుంది?”

“నువ్వు రెండుసార్లు తొక్కు.”

ఆ రోజు నుంచీ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే టక్, టక్. నేను వంటింట్లో ఏ పనిలో ఉన్నా, చేతులకి పిండి ఉన్నా, సబ్బు నురగ ఉన్నా పరుగెత్తేదాన్ని. మా ఆయన తలుపు కొట్టేలోపు తలుపు తీయడం నా పందెం. దాదాపు రోజూ నేనే గెలిచేదాన్ని, ఎందుకంటే మా ఆయన కావాలనే నెమ్మదిగా చెప్పులు విప్పేవారు.

కింద పిన్నిగారు ఉండేవారు. ఇల్లు ఆవిడదే. భర్త పోయాక ఒక్కరే ఉంటున్నారు. సన్నటి మనిషి, మోకాళ్ళ నొప్పులు, చేతులు మాత్రం ఊరుకోవు. ఆవిడ ఉండే గది ఒకప్పుడు వాళ్ళాయన దర్జీ షాపు. ముందు షట్టరు ఎప్పుడూ సగం దించే ఉంటుంది. బట్టలు కత్తిరించే పెద్ద బల్ల మీదే ఆవిడ స్టవ్, గిన్నెలు, మందుల డబ్బా. గోడకి నిలువుటద్దం. కొత్త చొక్కా తొడుక్కుని వెనకా ముందూ చూసుకోవడానికి పెట్టిన అద్దంలో ఇప్పుడు ఉల్లిపాయల బుట్ట కనిపించేది.

నన్ను ‘అమ్మాయ్’ అనేవారు, మా ఆయన్ని ‘అబ్బాయి’. “అబ్బాయి తిన్నాడా, అబ్బాయి వచ్చాడా,” అని అడిగేవారు. పంపు కారుతోందని పొద్దున చెబితే మధ్యాహ్నానికి ప్లంబరు వచ్చేవాడు. ఆవిడలో నాకు అర్థం కానిది ఒక్కటే. సాయంత్రం మా టక్ టక్ వినబడగానే కింద స్టవ్ లైటర్ చప్పుడయ్యేది. తర్వాత ఆవిడ షట్టరు కింద నుంచి వంగి బయటికొచ్చి, మెట్ల వైపు తలెత్తి చూసి, మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేవారు. నేను చెయ్యి ఊపితే ఊపేవారు. నన్ను చూసినట్టు మాత్రం ఉండేది కాదు.

“హాజరు వేసుకుంటున్నారు,” అనేవారు మా ఆయన. “ఒక రోజు లేటుగా వచ్చి చూస్తా, జీతం కోస్తారేమో.”

ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒకరోజు గ్యాస్ అతను సిలిండరు భుజం మీద మోసుకొచ్చి ల్యాండింగ్ మీద ధన్‌మని దించాడు. రేకు మోగలేదు. మూలిగింది. తిన్నె బయటి అంచు వేలి మందాన కిందికి జారి, గోడలోంచి సిమెంటు పెళ్ళ ఊడి నా కాలి పక్కన పడింది. అతను సిలిండరు నా వంటింట్లోకి దొర్లించేసి, గోడకి వీపు ఆనించి, పక్కకి పక్కకి నడుస్తూ మెట్లు పట్టుకున్నాడు.

“ఇది మెట్లా ఉయ్యాలా అమ్మా? ఇకనుంచి కిందే పెట్టి పోతా. మీ ఆయన్ని మోసుకోమనండి.”

ఇంకో రోజైతే ఆ ‘మీ ఆయన’కి మురిసిపోయేదాన్ని.

వీధి మలుపులో ఉన్న వెల్డింగ్ షాపు అతన్ని మా ఆయన పిలుచుకొచ్చారు. అతను మెట్ల కింద నిలబడి చాలాసేపు పైకి చూశాడు. తిన్నెని మోస్తున్నవి గోడలోంచి బయటికొచ్చిన రెండు ఇనప చేతులు. నిచ్చెన వేసుకుని, ఒక చెయ్యి గోడలోకి దూరే చోట స్క్రూడ్రైవరు పెట్టి నొక్కాడు. అది బిస్కెట్లోకి దిగినట్టు దిగిపోయింది. ఎర్రటి పొడి రాలింది.

“ఇది ఇనుము కాదు సార్. ఇనుము ఆకారంలో ఉన్న తుప్పు,” అన్నాడు. “వాన నీళ్ళు గోడ పక్కన నిలబడి లోపలికి దిగిపోయాయి. బయట రంగుంది కాబట్టి బాగానే కనిపిస్తోంది. మొత్తం దించి, కింద నుంచి పైపు స్తంభాలు లేపి, మళ్ళీ కట్టాలి.”

షట్టరు దగ్గర నిలబడి వింటున్న పిన్నిగారు, “స్తంభాలు పెట్టుకో బాబూ. రంగు వేసుకో. పై రేకు మాత్రం కదపొద్దు,” అన్నారు.

“రేకు ఎత్తకుండా కింద చేతులు ఎలా మార్చేదమ్మా? చొక్కా విప్పకుండా బనీను మార్చమన్నట్టుంది.”

“అయితే వద్దులే. ఇన్నేళ్ళూ ఉంది, ఉంటుంది. నెమ్మదిగా నడవండి.”

అంతే. లోపలికి వెళ్ళిపోయారు. మా ఆయన మెట్ల మీద కూర్చుండిపోయారు. పంపు కారితే ఒక్కపూట ఆగని మనిషి ప్రాణం మీదికొచ్చే దాన్ని వద్దనడమేమిటో ఎంత ఆలోచించినా తోచలేదు.

“వేరే ఇల్లు చూసుకుందాం,” అన్నారు ఆ రాత్రి అన్నం తింటూ.

నేను ముద్ద కంచంలో వదిలేశాను. తలుపు పడని స్నానాలగదితో సహా ఆ ఇల్లంటే నాకు పిచ్చి. మొదటిసారి పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది ఇక్కడే, మొదటిసారి అలిగింది ఇక్కడే, ఆ అలక తీరింది ఆ ల్యాండింగ్ మీదే.

“నేను మాట్లాడతాను,” అన్నాను. “ఈలోపు నువ్వు గోడ పక్కగా నడువు. మూల తొక్కకు.”

“తొక్కకపోతే నీకెలా తెలుస్తుంది?”

“నోటితో పిలువు. అందరి మొగుళ్ళూ అలాగే చేస్తారు.”

మర్నాడు సాయంత్రం కిందికి వెళ్ళాను. పిన్నిగారు బల్ల దగ్గర బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. నాకో స్టూలు చూపించారు. ఏం చెప్పాలో దారి పొడుగునా, అంటే మెట్లన్నీ దిగుతూ, కూడబలుక్కున్నాను. మొదలుపెట్టేలోపు పైన అడుగుల చప్పుడైంది. మా ఆయన గోడ పక్కగా నడుస్తున్నట్టు నెమ్మదిగా, జాగ్రత్తగా. తర్వాత, మనిషికి అలవాటు అంత తేలిగ్గా పోదు కాబట్టి, కాలు చాచి మూలని తాకినట్టున్నారు.

టక్, టక్.

పిన్నిగారి చేతిలోంచి బియ్యపు గింజలు చేటలోకి జారాయి. మోకాళ్ళ నొప్పులు లేనట్టే లేచి నిలబడ్డారు. స్టవ్ మీద గిన్నె సిద్ధంగానే ఉంది. లైటర్ నొక్కారు.

“వచ్చారు,” అన్నారు.

నేను నవ్వేశాను. “మీరు కూడా మా ఆయనకి ప్రమోషన్ ఇచ్చేశారా పిన్నిగారూ? రోజూ అబ్బాయి వచ్చాడంటారు కదా?”

ఆవిడ నవ్వలేదు. లైటర్ పట్టుకున్న చెయ్యి స్టవ్ పక్కనే ఆగిపోయింది. నీళ్ళు కాగడం మొదలయ్యాక టీపొడి వేశారు.

“అబ్బాయిని అనలేదమ్మాయ్,” అన్నారు.

అప్పటికి కూడా నాకు అర్థం కాలేదు.

“మేం పైన ఉండేవాళ్ళం. మీరుండే గదిలోనే. ఆయన ఇక్కడ కుట్టుకునేవారు. సాయంత్రం పైకొస్తే ఆ రేకు మోగేది. మూల వెల్డింగ్ ఊడిపోయింది, చేయించండి అంటే, చేయించడం దేనికి, నీకు బెల్లు పెట్టించాను కదా అనేవారు. రెండుసార్లు తొక్కేవారు. ఆ చప్పుడు వింటే నేను టీ పెట్టేదాన్ని. కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి టీ సిద్ధం.”

బెల్లు. ఆ మాట నేనే కనిపెట్టాననుకున్నాను.

“ఆయన పోయిన రోజు చప్పుడు రాలేదు,” అన్నారు. “పెళ్ళి బట్టలేవో ఉన్నాయి, ఆలస్యమవుతోంది అనుకున్నా. చప్పుడు వస్తుంది కదా, అప్పుడు పెడదాంలే అని టీ కూడా పెట్టలేదు. అలా కూర్చునే ఉన్నా పైన. ఆయన ఇక్కడ, ఈ బల్ల మీద తల పెట్టుకుని ఉన్నారు. టేపు మెడలోనే ఉంది.”

టీ పొంగబోతే మంట తగ్గించారు.

“తర్వాత కిందికొచ్చేశాను. పైన ఇంకో కుటుంబం ఉండి వెళ్ళారు. వాళ్ళూ తొక్కేవాళ్ళు, ఎలా పడితే అలా. అది చప్పుడే కాదు. మీరొచ్చిన రెండో రోజో, మూడో రోజో, సాయంత్రం ఇలా నిలబడి ఉన్నాను. రెండుసార్లు మోగింది. చేతిలో గిన్నె జారిపోయింది. ఎవరో నాకు తెలుసమ్మాయ్. అబ్బాయని తెలుసు. బయటికొచ్చి చూస్తా కూడా, మతి పోలేదని తెలుసుకోడానికి. అయినా ఆ ఒక్క నిమిషం...” చేత్తో పైకి చూపించారు. “మోగడానికీ, నేను బయటికొచ్చి చూడడానికీ మధ్య. అంతే నాకు మిగిలింది.”

రోజూ చెయ్యి ఊపినప్పుడు ఆవిడ నన్ను ఎందుకు చూసేవారు కాదో అప్పుడు తెలిసింది. ఆవిడ చూసి వెళ్ళిపోతున్నది మా ఆయన్ని కాదు. మా ఆయన మాత్రమే ఉండడాన్ని.

సరిగ్గా అప్పుడే పైన తలుపు తెరుచుకుంది. ఇంట్లో నేను కనబడక మా ఆయన మళ్ళీ బయటికొచ్చారు.

“ఏమోయ్, ఎక్కడున్నావ్?” అని రెయిలింగు మీంచి వంగినట్టున్నారు.

ఎండిన కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. తర్వాత షట్టరు ముందు నా మల్లె కుండీ పడి పగిలింది.

నేను లేచేలోపే పిన్నిగారు బయట ఉన్నారు. చెప్పులు లేవు, చెయ్యి మోకాలి మీద లేదు. ల్యాండింగ్ ఒక పక్క వేలాడుతోంది. ఒక ఇనప చెయ్యి గోడలోంచి ఊడొచ్చింది. మా ఆయన రెండు చేతులతో గుమ్మం పట్టుకుని ఉన్నారు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

“కదలకు నాయనా,” అన్నారు పిన్నిగారు. ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని నాకు తెలీదు. “కిందికి చూడకు. కుడికాలు గడప లోపల పెట్టు. ఆఁ. ఇప్పుడు రెండోది.”

మా ఆయన లోపలికి వెళ్ళారు. గది మధ్యలో కూర్చుండిపోయిన చప్పుడు కూడా వినిపించింది మాకు. “నేను బానే ఉన్నాను,” అన్నారు లోపలి నుంచి, బాగా లేని గొంతుతో.

పిన్నిగారు కింది మెట్టు మీద కూలబడ్డారు. మట్టిలోంచి మల్లె మొక్క ఏరి, వేళ్ళకి మట్టిపెళ్ళ అంటుకుని ఉందో లేదో చూసి, నా చేతిలో పెట్టారు.

“వెల్డింగ్ అతన్ని రమ్మను,” అన్నారు.

“రేకు...”

“నా చప్పుడుకోసం ఆ పిల్లాడు రోజూ చావు మీద కాలేస్తున్నాడు. మొత్తం తీసెయ్యమను.”

వెల్డింగ్ అతను నిచ్చెనతో వచ్చి, వంటింటి కిటికీ చువ్వలు రెండు కోసి, మా ఆయన్ని దించాడు. “పెళ్ళికొడుకుల్ని గుర్రం మీంచి దించడం చూశాను గానీ కిటికీలోంచి ఇదే మొదలు సార్,” అన్నాడు. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను, తర్వాత మా ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

పని అయ్యేదాకా పిన్నిగారి గదిలోనే ఉన్నాం, నిలువుటద్దం ముందు పరుపు వేసుకుని. అతను ముందు పాత తిన్నె కింద దుంగలు నిలబెట్టి, రేకు కోసి దించాడు. గోడలో మిగిలిన తుప్పు ముక్కలు తవ్వి తీసి కన్నాలు పూడ్చాడు. నేలలో గుంతలు తీసి, కాంక్రీటు పోసి, అందులో బోల్టులు నిలబెట్టి, గట్టిపడేదాకా ఎవర్నీ ఆ పక్కకి రానివ్వలేదు. తర్వాత పైపు స్తంభాలు, వాటి మీద అడ్డం కమ్మీలు, అన్నిటికీ ఎర్రటి ప్రైమరు. ఈసారి బరువు గోడ మీద కాదు, నేల మీద. రేకుని కూడా కొంచెం బయటికి వాలుగా పెడతానన్నాడు, నీళ్ళు గోడ వైపు నిలబడకుండా. ఇంకో కథలో అయితే ఆ ఎరుపు రంగు నాకెంత నచ్చిందో ఒక పేజీ రాసేదాన్ని.

ఆ రోజుల్లో మా ఆయన సాయంత్రం షట్టరు కింద నుంచి వంగి లోపలికొచ్చేవారు. ఆ వేళకి పిన్నిగారి చెయ్యి లైటరు దాకా వెళ్ళి, పైకప్పు వైపు ఒకసారి చూసి, వెనక్కి వచ్చేసేది. టీ నేను పెట్టేదాన్ని.

కొత్త రేకు వెల్డింగ్ చేసే రోజు, ఆవిడ లోపల ఉన్నప్పుడు అతన్ని పక్కకి పిలిచాను.

“ఒక్క మూల వదిలేస్తే ఏమవుతుందండీ? కొంచెం లేచి ఉండేటట్టు. తొక్కితే మోగేటట్టు.”

అతను మొహం మీది కళ్ళద్దాలు పైకి నెట్టి నన్ను చూశాడు. “మోగిందంటే కదులుతోందని అర్థం అమ్మా. కదిలే మూల మిగతా అతుకుల్ని కూడా ఒక్కొక్కటే తెంపుతుంది. పాతదానికి జరిగింది కూడా అదే.”

“చుట్టూ వేసెయ్యి బాబూ.” వెనక పిన్నిగారు. ఎప్పుడొచ్చారో. “ఎక్కడా వదలకు. నాలుగు మూలలూ గట్టిగా వెయ్యి.”

తర్వాత, పోతూ పోతూ అన్నట్టు, “ఆ పాత రేకు పారేయకు. నా గుమ్మం ముందు వెయ్యి,” అన్నారు.

అతను తుప్పు గీకి, అంచులు నునుపు చేసి, షట్టరు ముందు పరిచాడు. వెల్డింగ్ సామాను సర్దుకుని వెళ్ళేదాకా ఆవిడ ఆగారు. తర్వాత బయటికొచ్చి, ఆ పాత మూల మీద కాలేశారు. ఏమీ రాలేదు. పక్కకి జరిగి మళ్ళీ వేశారు. చేత్తో షట్టరు పట్టుకుని, మోకాలు నొప్పి పెడుతున్నా, రెండు కాళ్ళూ ఎత్తి ఎత్తి వేశారు. మట్టి మీద గోనెపట్టా తొక్కినట్టు మెత్తటి చప్పుడు.

“నేల మీద మోగదు కదా,” అన్నారు చివరికి, తనలో తను. “కింద ఖాళీ ఉంటేనే.”

నేను వెనక నుంచి ఆవిడ భుజం పట్టుకున్నాను. సన్నటి ఎముక తగిలింది. ఆవిడ ఏడవలేదు. రేకు మీద పడిన ఆకు వంగి తీసి అవతల పారేశారు.

మర్నాడు మేం పైకి వెళ్ళిపోయాం. కొత్త ల్యాండింగ్ రాయిలా ఉంది. దాని మీద నేను గెంతాను, మా ఆయన గెంతారు, ఇద్దరం చేతులు పట్టుకుని కలిసి గెంతాం. ఏ కమ్మీ పలకలేదు. మల్లె మొక్కని కొత్త కుండీలో పెట్టాను. అది బతికింది, చివర ఒక పచ్చటి ఆకు వేస్తోంది కూడా. ఇవన్నీ సంతోషాలే. నాకు సంతోషించడం బాగా వచ్చు. ఆ పూట మాత్రం ప్రతి సంతోషం కింద ఆ గది ఉంది.

సాయంత్రం నేను వంటింట్లో చెవులు రిక్కించుకునే ఉన్నాను. తలుపు మీద వేళ్ళ చప్పుడయ్యేసరికి ఉలిక్కిపడ్డాను. మా ఆయన ఎప్పుడు మెట్లెక్కారో, ఎప్పుడు చెప్పులు విప్పారో, ఏదీ తెలియలేదు.

“రెండుసార్లు తొక్కాను,” అన్నారు, చిన్నపిల్లాడిలా.

ఇద్దరం గుమ్మంలో నిలబడి కిందికి చెవి పెట్టాం. లైటరు చప్పుడు రాలేదు. షట్టరు కింద నుంచి ఎవరూ బయటికి రాలేదు.

“నువ్వు వెళ్ళు,” అన్నారు మా ఆయన. “నేను కాళ్ళు కడుక్కుంటాను.”

కింద దీపం వెయ్యలేదు. పిన్నిగారు బల్ల పక్కన కూర్చుని ఉన్నారు. స్టవ్ మీద గిన్నె ఉంది. గిన్నెలో నీళ్ళు ఉన్నాయి. నేను స్విచ్చి వేస్తే కళ్ళు చికిలించి చూశారు.

“అబ్బాయి వచ్చాడా?”

‘వచ్చారు’ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. పెళ్ళయినప్పటి నుంచీ చాక్లెట్టులా చప్పరిస్తున్న మాట. ఆ గదిలో, ఆవిడ ముందు, అది పలకడానికి నాకు నోరు రాలేదు.

“వచ్చాడు పిన్నిగారూ,” అన్నాను.

“చప్పుడు లేదే.”

“లేదండీ.”

“మంచిది. గట్టిగా కట్టాడు.” చీర కుచ్చిళ్ళు సర్దుకున్నారు. కాసేపు నా ముఖం చూశారు. “మొగుణ్ణి బయటివాళ్ళ ముందు వచ్చాడు అనకూడదమ్మాయ్. వచ్చారు అనాలి.”

“మీరు బయటివాళ్ళేంటి పిన్నిగారూ.”

“అను.”

“వచ్చారు,” అన్నాను.

ఆవిడ తల కొంచెం పక్కకి వంచి ఆ మాట విన్నారు. రోజూ పైకప్పు వైపు చెవి పెట్టేవారే, అలాగే. మాట అయిపోయింది. ఆవిడ చేతులు ఒడిలోనే ఉన్నాయి. లేవలేదు.

స్టవ్ నేనే వెలిగించాను.